మాస్క్ పెట్టుకుంటే నిద్ర రాదు, తీసేస్తే ఊపిరి ఆగుతుంది. ఏం చెయ్యమంటారు?

చెరువుగట్టు (భీమవరం దగ్గర)
అక్టోబరు 14, రాత్రి 2:47

అందరికీ నమస్కారమండి. పోస్టు పెట్టిన టైము చూస్తేనే నా సంగతి తెలిసిపోతుంది. వయసు 49, బరువు 94 కేజీలు, పని రొయ్యల సాగు. గురక పెళ్లికి ముందు నుంచే ఉందని మా అమ్మ అంటుంది, పెళ్లయ్యాకే వచ్చిందని మా ఆవిడ అంటుంది. ఆగస్టులో ఓ రాత్రి నాకు ఊపిరి ఆగి ఆగి ఆడడం చూసి ఆవిడ భయపడిపోయి, విజయవాడ తీసుకెళ్లి నిద్ర పరీక్ష చేయించింది. స్లీప్ ఆప్నియా అన్నారు. ఏహెచ్ఐ 34. అంటే గంటకి 34 సార్లు ఊపిరి ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందట. 30 దాటితే తీవ్రం కిందే లెక్క. సీపాప్ మిషన్ (మాస్క్ లోంచి గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసేది) రాశారు, కొన్నాం.

అసలు చిక్కు ఇక్కడుంది. నాకు నిద్రే పట్టదు. 9కి పడుకుంటే 11 దాకా దొర్లుతాను. 3 అవ్వకుండానే మెలకువ. ఇక తెల్లారేదాకా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవడమే. రొయ్యల రైతులకి చెప్పక్కర్లేదు, చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది తెల్లవారుజామునే. 2016లో ఓ రాత్రి జెనరేటర్ అందుకోలేదు, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపేవి) ఆగి రెండు చెరువుల్లో రొయ్యలు చచ్చి తేలిపోయాయి. అప్పట్నుంచి ఆ టైముకి అలారం లేకుండానే లేస్తున్నాను. ఇప్పుడు గట్టు మీద మనుషులున్నారు, కరెంటు పోతే ఫోనుకి రింగొచ్చే ప్యానెల్ ఉంది, కెమెరాలున్నాయి. అయినా లేస్తాను.

నిద్ర రానోడి మొహానికి మాస్క్ కడితే ఎలాగుంటుంది చెప్పండి? తొమ్మిది రాత్రులు చూసి మిషన్ బీరువా మీద పెట్టేశాను. మందులషాపులో నిద్రకని చిన్న బిళ్ల ఇచ్చారు, వారంలో మూడు నాలుగు రోజులు వేస్తున్నాను. డాక్టరుగారిని అడిగితే మిషన్ వాడమంటారే గాని నిద్ర ఎలా పట్టాలో చెప్పరు. బిళ్లల్లేకుండా అలవాట్లు మార్చి నిద్ర తెప్పించే వైద్యం ఒకటుందని, వ్యాయామం కూడా పనిచేస్తుందని విన్నాను. ఎవరైనా చేసి చూశారా?

రావులపాలెం అక్క
అక్టోబరు 14, ఉదయం 6:10

తమ్ముడూ, ముందు ఆ బిళ్ల సంగతి ఎవరైనా డాక్టర్ని అడుగు. మా వారు లారీ నడుపుతారు. ఆయనకీ ఇదే జబ్బు, పగలు స్టీరింగు మీద కునుకు పట్టేది. సిద్ధాంతం ఊరు దాటాక ఒకసారి డివైడర్ ఎక్కించేశారు, దేవుడి దయ వల్ల ఒంటిమీద గీత పడలేదు. మిషన్ పెట్టాక ఆ కునుకు పోయింది. నువ్వు బండి మీద చెరువులకి తిరుగుతావు కదా, జాగ్రత్త.

గోదారి గాలి
అక్టోబరు 14, ఉదయం 7:32

మా తాతలకి ఈ మిషన్లున్నాయా, ఈ థెరపీలున్నాయా? సాయంత్రం రెండు మైళ్లు కాలవ గట్టు మీద నడిచి, గేదె పాలు తాగి పడుకుంటే కోడి కూసేదాకా లేవరు. మీకు జబ్బు ఫోన్లో ఉంది మాస్టారూ.

చెరువుగట్టు
అక్టోబరు 14, ఉదయం 7:50

ఫోన్ సంగతి ఒప్పుకుంటానండి. 3 గంటలకి కెమెరాలు చూసేది దాంట్లోనే. కానీ మా తాత కూడా గురక పెట్టేవాడు, 56కే నిద్రలో పోయాడు. గుండెపోటన్నారు. ఎవరూ పరీక్ష చెయ్యలేదు.

పల్మనాలజీ పీజీ (విశాఖ)
అక్టోబరు 14, మధ్యాహ్నం 1:15

నేను ఊపిరితిత్తుల విభాగంలో పీజీ చేస్తున్నాను. ఇక్కడ చెప్పేది మీ డాక్టరుగారి సలహాకి బదులు కాదు.

ముందు బిళ్ల. పేరు చెప్పలేదు కానీ, అల్ప్రాజోలం లాంటిదైతే అది గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది. ఆప్నియాలో జరిగేదే అది కదా. నిద్రలో గొంతు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. బిళ్ల వేస్తే ఆ లేపడం ఆలస్యం కావచ్చు. మద్యం తాగి పడుకున్నా ఇదే గొడవ. అలాగని రోజూ వేసేవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించాలి.

రెండోది, మీకున్నది ఒక జబ్బు కాదు, రెండు. స్లీప్ ఆప్నియా, నిద్రలేమి కలిసి ఉండడాన్ని క్రిస్టియన్ గిలెమినో బృందం 1973లోనే రాసింది. ఇప్పుడు దాన్ని కొమీసా అంటున్నారు. ఆప్నియా ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు నుంచి సగం మందికి నిద్రలేమి లక్షణాలు ఉంటాయి. మీరు అరుదైన కేసు కాదు. రెండూ ఒకదాన్నొకటి తోస్తాయి. ఊపిరి ఆగడం వల్ల మెలకువ వస్తుంది. వచ్చిన మెలకువని నిద్రలేమి పట్టుకుని కూర్చుంటుంది. తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ, చాలామందికి ఊపిరి ఆగడం కూడా అప్పుడే ఎక్కువ. మీ 3 గంటల మెలకువలో చెరువు వాటా ఎంతో, గొంతు వాటా ఎంతో విడదియ్యడం కష్టం.

మీరు విన్న వైద్యం పేరు సీబీటీ-ఐ. పాత నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది బిళ్ల కాదు, ఇదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. కొమీసా వాళ్లకీ పనిచేస్తుంది. ఆస్ట్రేలియాలో 145 మంది మీద చేసిన పరీక్ష 2019లో వచ్చింది. సీపాప్‌కి ముందు ఈ థెరపీ తీసుకున్నవాళ్లు మిగతావాళ్ల కంటే రాత్రికి దాదాపు గంటసేపు ఎక్కువ మిషన్ వాడారు. నిజాయితీగా ఇంకోటి కూడా చెప్పాలి. 2020లో అమెరికాలో వచ్చిన పరీక్షలో నిద్రలేమి తగ్గింది గాని మిషన్ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి మంత్రం అనుకోకండి.

లెక్కల మాస్టారు (అమలాపురం)
అక్టోబరు 14, సాయంత్రం 5:40

ఆయ్, ఇది నేను చేశానండి. రిటైరై అయిదేళ్లు, వయసు 63, ఏహెచ్ఐ 19. హైదరాబాదులో ఒక సైకాలజిస్టు దగ్గర వీడియో కాల్‌లో ఆరు సార్లు కూర్చున్నాను. కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పి పంపుతారనుకున్నాను. తీరా చూస్తే లెక్కలు!

ముందు రెండు వారాలు నోటుబుక్కు. మంచం ఎక్కిన టైము, నిద్ర పట్టిన టైము, మధ్యలో మెలకువలు, లేచిన టైము. రాత్రి గడియారం చూడకూడదు, పొద్దున్నే ఉజ్జాయింపుగా రాయాలి. నాకు మంచం మీద 9 గంటలు, అందులో నిద్ర 5 గంటల 20 నిమిషాలు. 320ని 540తో భాగించండి, 59 శాతం. 85 రావాలంటారు సైకాలజిస్టు గారు. నిద్ర పెంచడం మన చేతిలో లేదు. మరి భిన్నం పెరగాలంటే? హారం తగ్గించాలి. రాత్రి 11:30కి ముందు మంచం ఎక్కొద్దు, పొద్దున్న 5:30కి ఏదేమైనా దిగిపోవాలి అన్నారు. ఆరు గంటలు.

నాకు ఒళ్లు మండింది. నిద్ర లేదు మొర్రో అంటుంటే ఉన్న టైము కోస్తారేమిటని. తర్వాత మా వంతు నీళ్లు గుర్తొచ్చాయి. కాలవలో నీళ్లు తక్కువున్న ఏడు దాళ్వాకి (రెండో పంటకి) మొత్తం ఆయకట్టుకి వదిలితే శివారు చేలకి తడే అందదు, పై చేలల్లో కూడా అంతంతమాత్రమే. ఆయకట్టు తగ్గిస్తే ఉన్న ఎకరాలైనా పండుతాయి. అయిదు గంటల నిద్రని తొమ్మిది గంటల మీద పారిస్తే అంతా కలత నిద్రే.

ఇంకో నియమం, మంచం నిద్రకే. టీవీ, ఫోను, పేపరు, రేపటి పనులు, ఏవీ మంచం మీదకి రాకూడదు. ఓ ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వసారాలోకి పోవాలి. చిన్న లైటు, పాత వారపత్రిక. కళ్లు బరువెక్కాకే మంచం. మొదటి వారం నేను రాత్రికి నాలుగుసార్లు వసారాకి తిరిగాను. మా ఆవిడ దొంగలనుకుని ఒకసారి అప్పడాల కర్ర తీసింది. పగటి నిద్ర కూడా లేదు, ఆదివారమైనా సరే 5:30కే లేవడం.

రెండో వారం నరకం. మూడో వారంలో 11:30కి మంచం మీద వాలడం తెలుసు, తర్వాత తెలీదు. 85 శాతం దాటిన వారం 15 నిమిషాలు కలిపేవారు. ఇప్పుడు ఆరున్నర గంటలు పడుకుంటున్నాను, పొద్దున్నే తల దిమ్ముగా లేదు.

పల్మనాలజీ పీజీ (విశాఖ)
అక్టోబరు 14, రాత్రి 8:05

మాస్టారు బాగా చెప్పారు. కానీ చెరువుగట్టు గారూ, ఇది చదివి రేపట్నుంచే మొదలెట్టకండి. మంచం టైము తగ్గించిన మొదటి వారాల్లో పగటి మగత పెరుగుతుంది. మీకు ఏహెచ్ఐ 34, మిషన్ బీరువా మీద ఉంది, బండి నడుపుతారు. ఆ మూడూ కలిస్తే ప్రమాదం. ముందు థెరపిస్టుకి ఆప్నియా సంగతి చెప్పండి. అప్పుడు మంచం టైము మరీ తగ్గించరు, లేదా మెల్లగా కోస్తారు. ఆ వారాల్లో బండి ఇంకొకరికి ఇవ్వండి. ఫిట్స్, బైపోలార్ (మనసు అతి హుషారుకీ, అతి దిగులుకీ ఊగే జబ్బు) ఉన్నవాళ్లయితే సైకియాట్రిస్టుని అడగకుండా ఈ పద్ధతి జోలికి పోకూడదు.

గోదారి గాలి
అక్టోబరు 14, రాత్రి 9:20

నేను చెప్పిన నడక మీద ఒక్కరూ మాట్లాడరేం?

కాకినాడ ఫిజియో
అక్టోబరు 15, ఉదయం 9:00

నేను మాట్లాడతాను గాలి గారూ, మీరు సగం కరెక్టు. అమెరికాలో 43 మంది ఆప్నియా రోగుల మీద 12 వారాల వ్యాయామ పరీక్ష చేశారు, 2011లో వచ్చింది. వారానికి 150 నిమిషాల ఏరోబిక్ వ్యాయామం, రెండు రోజులు బరువులు. వ్యాయామం చేసినవాళ్ల ఏహెచ్ఐ సగటున 32 నుంచి సుమారు 25కి దిగింది. బరువు పెద్దగా తగ్గకుండానే! ఎందుకంటారా? ఒక వివరణ కాళ్లలో ఉంది. పగలంతా కూర్చునుంటే పిక్కల్లో నీరు చేరుతుంది. రాత్రి పడుకోగానే ఆ నీరు మెడ వైపు సర్దుకుని గొంతుని ఇరుకు చేస్తుంది. పిక్కలు బాగా ఆడిస్తే చేరే నీరు తగ్గుతుంది. నిద్ర నాణ్యత కూడా బాగుపడుతుంది.

మిగతా సగం ఏమిటంటే, 25 అన్నా ఇంకా జబ్బే. నడక మిషన్‌కి తోడు, బదులు కాదు.

చెరువుగట్టు
అక్టోబరు 15, ఉదయం 9:25

నేను రోజంతా గట్ల మీదే కదండీ ఉండేది. వేరే నడకెందుకు?

కాకినాడ ఫిజియో
అక్టోబరు 15, ఉదయం 9:40

నిజం చెప్పండి, గట్టు మీద నడుస్తారా, బండి మీద తిరుగుతారా? చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) లేపి చూడ్డానికి ఆగితే నడక కాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. అలా అరగంట, వారానికి అయిదు రోజులు. రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి పుషప్స్. బీపీ, గుండె చూపించుకుని మొదలెట్టండి. పొద్దున్నో సాయంత్రం ఆరులోపో చేస్తే మీకు మేలు. పొద్దుటి ఎండ మీద పడితే ఒళ్లు గడియారం కూడా సర్దుకుంటుంది.

సన్నాయి (పాలకొల్లు)
అక్టోబరు 15, ఉదయం 11:11

సన్నాయి ఊదితే గురక తగ్గుతుందని మా మేళంలో ఒకాయన అంటాడు. నవ్వొద్దు.

కాకినాడ ఫిజియో
అక్టోబరు 15, ఉదయం 11:30

నవ్వనండీ. డిజరిడూ అని ఆస్ట్రేలియా ఆదివాసుల పొడుగాటి ఊదే వాద్యం ఉంది. స్విట్జర్లాండ్‌లో ఓ మాదిరి ఆప్నియా ఉన్న 25 మందిని తీసుకుని, కొందరికి నాలుగు నెలలు అది నేర్పిస్తే వాళ్లకి పగటి మగత, ఏహెచ్ఐ తగ్గాయి. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది. బ్రెజిల్లో నాలుక, అంగిలి, గొంతు వ్యాయామాలు రోజుకి అరగంట మూడు నెలలు చేయిస్తే ఏహెచ్ఐ 22 నుంచి 14 దగ్గరికి వచ్చింది, అది 2009. సన్నాయి మీద పరీక్ష చేసినట్టు నాకు తెలీదు గాని, పక్కింటివాళ్లు ఊరుకుంటే మీ ఇష్టం.

యానాం టీచర్
అక్టోబరు 16, రాత్రి 10:02

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మకి 58. గురక పెద్దగా లేదు, నిద్ర రాదంతే, పొద్దున్నే తలనొప్పి, రాత్రి మూడుసార్లు బాత్రూముకి లేస్తుంది. షుగర్ లేదు. ఇది టెన్షన్ అని వదిలేశాం.

పల్మనాలజీ పీజీ (విశాఖ)
అక్టోబరు 16, రాత్రి 10:30

వదిలెయ్యకండి, పరీక్ష చేయించండి. ముట్లు ఆగాక ఆడవాళ్లలో ఆప్నియా పెరుగుతుంది. వాళ్లు గురక కంటే నిద్రలేమి, నీరసం, తలనొప్పి అని చెప్పుకుంటారు, మేమేమో నరాల బిళ్ల రాసి పంపుతాం. రాత్రి పదేపదే మూత్రానికి లేవడం కూడా ఆప్నియా లక్షణమే. ఇంట్లో చేసే పరీక్షలో ఏమీ తేలకపోయినా అనుమానం మిగిలితే ల్యాబులో రాత్రంతా చేసే పరీక్ష అడగండి.

చెరువుగట్టు
నవంబరు 6, ఉదయం 6:15

మూడు వారాలైంది, ఏమైందో చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. డాక్టరుగారిని మార్చలేదు, ప్రశ్న మార్చాను. "నాకు రెండు జబ్బులున్నాయి, రెండోదానికి ఎవరి దగ్గరికి వెళ్లమంటారు?" అనడిగితే ఆయనే ఒక సైకాలజిస్టు నంబరిచ్చారు. బిళ్ల వారం వారం తగ్గిస్తున్నారు.

నా లెక్క మాస్టారి కంటే ఘోరం. మంచం మీద తొమ్మిదిన్నర గంటలు, నిద్ర అయిదు. 53 శాతం. రాత్రి 11 నుంచి 5 వరకు ఇచ్చారు. బండి తాళాలు మా అబ్బాయి దగ్గరున్నాయి. భోజనం చేశాక 9 నుంచి 11 దాకా కళ్లు తెరుచుకుని కూర్చోవడం కంటే చెరువు పట్టుబడి (రొయ్యలు పట్టే) రోజు మేలు.

మాస్క్ సంగతి ఆ సైకాలజిస్టు ఆవిడ వేరేలా చెప్పారు. రాత్రి పెట్టొద్దన్నారు, మొదటి వారం అసలు మంచం మీదే వద్దన్నారు. సాయంత్రం కుర్చీలో కూర్చుని, మిషన్ ఆన్ చేసి, టీవీ చూస్తూ పదిహేను నిమిషాలు. తర్వాత అరగంట. నాకు ముక్కులో పెట్టే చిన్న మాస్క్ ఇప్పించారు, మొహం మొత్తం కప్పేదానికంటే నయం. నాలుగో రోజుకి న్యూస్ చూస్తూ దాంతోనే కునుకు తీశాను! మా ఆవిడ ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది.

3 గంటల మెలకువ మాత్రం కదల్లేదు. ఫోన్ వంటింట్లో పెట్టమన్నారు. "చెరువు పోతే?" అన్నాను. "ప్యానెల్ రింగు మీ అబ్బాయి ఫోనుకి మార్చండి. మీరు లేచి చూసినందువల్ల ఈ ఏడాది ఎన్ని చెరువులు బతికాయి?" అని అడిగారు. ఆలోచిస్తే సున్నా. అన్నిసార్లూ కుర్రాళ్లే జెనరేటర్ వేశారు.

లెక్కల మాస్టారు (అమలాపురం)
నవంబరు 6, ఉదయం 7:00

ఆ సున్నా నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. రెండో వారం దాటేశారు కాబట్టి ఇక ఫరవాలేదు.

గోదారి గాలి
నవంబరు 6, ఉదయం 8:12

నడక సంగతి?

చెరువుగట్టు
నవంబరు 6, ఉదయం 8:30

పొద్దున్నే కాలవ గట్టు మీద నలభై నిమిషాలండి, వానొస్తే లేదు. మీ మాట పోలేదు.

చెరువుగట్టు
డిసెంబరు 30, ఉదయం 6:05

పదకొండు వారాలు. రాత్రి 10:30 నుంచి 5:15. మిషన్ చూపించే లెక్కలో సగటు వాడకం అయిదు గంటల పది నిమిషాలు, మిషన్ మీద ఏహెచ్ఐ 4. బరువు 91. బిళ్ల లేదు. వారంలో రెండు రోజులు 3కి మెలకువ వస్తోంది. లేచి వరండాలో కూర్చుంటాను, ఏరేటర్ల చప్పుడు వినబడుతుంది. ఇదివరకు ఆ చప్పుడు ఆగుతుందేమోనని వినేవాణ్ణి. ఇప్పుడు అది వింటూనే కళ్లు మూతపడుతున్నాయి. పోయిన నెల తుపాను గాలికి రెండు రాత్రులు కరెంటు పోయింది, మాస్క్ తీసేసి పక్కకి తిరిగి పడుకున్నాను, మిషన్ కోసం ఇన్వర్టర్ వేయించాను. మా ఆవిడ అంది, "ఇన్నాళ్లూ రొయ్యలకే జెనరేటర్, మొగుడికి ఇప్పుడొచ్చింది".

ఒక్క ప్రశ్న. సంక్రాంతికి మూడు రోజులు మా అత్తగారి ఊరు ముమ్మిడివరం వెళ్లాలి. మిషన్ మోసుకెళ్లాలా? బావమరుదుల ముందు ఆ తొండంతో పడుకోవాలంటే సిగ్గుగా ఉంది.

రావులపాలెం అక్క
డిసెంబరు 30, ఉదయం 6:40

తీసుకెళ్లు తమ్ముడూ. పోయిన పండక్కి మా వారు వదిలేసి వెళ్లారు. మొదటి రాత్రికే పాత గురక, కనుమ నాడు గారెలు తింటూ తింటూ కుర్చీలో నిద్రపోయారు. నవ్వేవాళ్లు దానికీ నవ్వారు.

పల్మనాలజీ పీజీ (విశాఖ)
డిసెంబరు 30, ఉదయం 7:20

అక్క చెప్పిందే. మిషన్ ఆపిన రాత్రి నుంచే ఊపిరి ఆగడం మళ్లీ మొదలవుతుంది. పండక్కి మద్యం పుచ్చుకునే ఆలోచన ఉంటే ఆ రాత్రి అసలు వదలొద్దు. లేచే టైము కూడా 5:15నే ఉంచండి. భోగి మంట ఎలాగూ లేపుతుంది.

చెరువుగట్టు
డిసెంబరు 30, ఉదయం 7:45

సరేనండి. అత్తగారింట్లో ఇన్వర్టర్ ఉందో లేదో కనుక్కోమని మా ఆవిడకి చెప్పాను. పెద్ద బావమరిది గురక వీధి చివరికి వినబడుతుంది, వాణ్ణి కూడా ఓ రాత్రి గమనించమని మా చెల్లెమ్మకి చెప్పాలి.